మూడో పిలుపు

పది దాటి రెండు నిమిషాలైంది. పదకొండుకి తన వంతు. అంతదాకా నీళ్ళ క్యాను పక్కన వేసిన ఈ ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోవడం తప్ప అతనికి వేరే పని లేదు, మాటలు కూడబలుక్కోవాల్సిన పని కూడా లేదు, ఇప్పటికి నాలుగు బ్యాచ్‌ల ముందు నాలుగుసార్లు చెప్పినవే, ఎక్కాలు అప్పజెప్పినట్టు అప్పజెప్పి దిగిపోవచ్చు. ట్యాంకులు కడిగే పని ఇరవై రెండేళ్ళుగా చేస్తున్నాను, ఏడు నెలల కిందట నా సొంత తమ్ముడు ట్యాంకులో పడిపోయాడు, ఆరోజు మూత దగ్గర కాపలా ఉన్న బయటి మనిషిని నేనే, బయటి మనిషి లోపలికి పోకూడదని ఈ గదిలోనే నేర్చుకున్నాను, పోలేదు, హారన్ కొట్టాను, తాడు లాగాను, గీత దాటలేదు, అందుకే ఈరోజు మీ ముందు నిలబడగలిగాను. అక్కడ కాస్త ఆగాలి. ఆగితే విజిల్ సారు చప్పట్లు మొదలుపెడతాడు, ఆ వెనక అందరూ కొడతారు. శిక్షణ ఇచ్చే ఆయన మెడలో ఎప్పుడూ విజిల్ వేలాడుతుంటుంది కాబట్టి ఆయన్ని అందరూ విజిల్ సారు అంటారు, ఆ సంగతి ఆయనకీ తెలుసు, ఏమీ అనుకోడు. మంచివాడే. నువ్వు చేసింది వందమందిలో ఒకడు కూడా చేయలేని పని అని భుజం తట్టి మరీ చెప్పాడు. ఆయన తట్టిన ప్రతిసారీ ఆ భుజం మీద ఎవరో సిమెంటు బస్తా ఎత్తిపెట్టినట్టు ఉంటుంది, ఇంటికి పోయి పడుకున్నా దిగదు. అయినా ఇన్నాళ్ళూ చెప్పగలిగాడు. ఈరోజు నోరు పెగిలేలా లేదు. మూడో వరసలో, కిటికీ వైపున, కొత్త హెల్మెట్ మీది పల్చటి ప్లాస్టిక్ తొడుగు కూడా ఊడదీయకుండా పెట్టుకుని కూర్చున్న మనిషి అతని తమ్ముడి భార్య.

కంపెనీ ఆమెకు ఏదో పని ఇస్తుందని విన్నాడు. స్టోరులో అన్నారు, చేతి తొడుగులు లెక్కపెట్టి ఇచ్చే పని అన్నారు, నీడపట్టున ఉంటుందిలే అనుకున్నాడు. ఈరోజు బ్యాచ్‌లో వస్తుందని ఎవరూ చెప్పలేదు. గుమ్మంలో బూట్లు తుడుచుకుంటూ తలెత్తేసరికి ఆమె ఎదురుగా ఉంది, ఆమె బూట్లు ఒక సైజు పెద్దవి, నడుస్తుంటే మడమ దగ్గర టపటపమంటున్నాయి, లోపల గుడ్డ కుక్కుకోమ్మా అని చెప్పాలనిపించింది, చెప్పలేదు. ఆమె చూసింది, తల దించుకుంది, పక్కనుంచి వెళ్ళిపోయింది. ఏడేళ్ళ కాపురంలో ఆమె అతని ఎదుట నిలబడి మాట్లాడిందే తక్కువ, ఏం చెప్పాలన్నా వంటగది తలుపు వెనక నుంచి, బావగారూ చారులో ఉప్పు సరిపోయిందా, బావగారూ మీ చొక్కా గుండీ ఊడింది కుట్టిపెట్టాను, అంతే, మనిషి కనిపించేది కాదు, గొంతూ గాజుల చప్పుడూ వినిపించేవి. ఒకే ఒక్కసారి తలుపు వెనక నుంచి బయటికి వచ్చి నిలబడి అడిగింది. తమ్ముడు పోయిన మూడో రోజున. ఇంటి నిండా చెప్పులు, లోపల పిల్ల నిద్రపోతోంది, ఎవరో టీ గ్లాసులు కడుగుతున్నారు. ఆమె వచ్చి, కళ్ళు తుడుచుకోకుండా, అతని మొహంలోకి చూసి, పిలిచాడా బావగారూ అంది. ఎవరు అని అడగలేదు అతను, ఎవర్ని అని కూడా అడగలేదు. లేదమ్మా అన్నాడు. పిలవలేదు, నిద్రపోయినట్టు పోయాడు, వాడికేమీ తెలియలేదు. ఆ మాట నోట్లోంచి ఎంత సులువుగా వచ్చిందో తలచుకుంటే ఇప్పటికీ ఆశ్చర్యమేస్తుంది, ఎవరో ముందే వండి మూతపెట్టి ఉంచినట్టు వచ్చింది. ఆమె తల ఊపి లోపలికి పోయింది. తర్వాత పరామర్శకి వచ్చిన ప్రతివాళ్ళకీ అదే చెప్పింది, నిద్రపోయినట్టు పోయారట, పిలవను కూడా లేదట, బావగారు చెప్పారు. నెల తిరగ్గానే పిల్లని తీసుకుని వాళ్ళక్క ఇంటికి వెళ్ళిపోయింది.

ముందర తెర మీద బొమ్మలు మారుతున్నాయి. తెగిన వేలు, కాలిన తొడుగు, నిచ్చెన మీద ఒంటికాలితో ఒక మనిషి. విజిల్ సారు కర్రతో చూపిస్తున్నాడు. "ఇతనేం తప్పు చేశాడు?" అని అడిగితే, రెండో వరసలోని లావు వెల్డరు, పొట్ట బెల్టు మీదికి వాలిన మనిషి, కుర్చీలోంచే అన్నాడు, "ఫొటో తీసేవాణ్ణి చూసి నవ్వాడు సార్." అందరూ నవ్వారు. "నువ్వు మాత్రం నిచ్చెన ఎక్కకు," అన్నాడు విజిల్ సారు, "నిచ్చెన మీద నాకు జాలి." మళ్ళీ నవ్వారు. ఆమె నవ్వలేదు, చేతిలో పెన్ను పట్టుకుని తెరనే చూస్తోంది, బళ్ళో ఎప్పుడూ ముందు బెంచీలో కూర్చునే పిల్లలా. ఈ గదిలో నవ్వులు అతనికి కొత్త కాదు. తొమ్మిదేళ్ళ కిందట ఇక్కడే, అప్పుడు గోడలకి పచ్చరంగు ఉండేది, అతనూ తమ్ముడూ పక్కపక్కన కూర్చున్నారు. పెరట్లో ఆ పాత ట్యాంకు అప్పుడూ ఉంది, పక్కకి పడుకోబెట్టిన ట్యాంకు, నడుము ఎత్తులో గుండ్రటి మూతి, మూతికి రెండడుగుల ఇవతల నేల మీద పసుపు గీత. లోపల ఒకడు పడిపోయినట్టు నటిస్తాడు, పిలుస్తాడు. బయటి మనిషి హారన్ కొట్టాలి, తాడు లాగాలి, గాలి సిలిండర్లు కట్టుకున్న జట్టు వచ్చేదాకా గీత ఇవతలే నిలబడాలి. తను నిలబడలేకపోతే అది మొదటి తప్పు, ఇంకొకణ్ణి పోనిస్తే రెండో తప్పు. తమ్ముడి వంతు వచ్చింది. లోపల నుంచి పిలుపు వినపడిందో లేదో హారన్ కింద పడేసి, ఒక్క గెంతులో గీత దాటి, తలకాయ మూతిలో పెట్టేశాడు. విజిల్ సారు చొక్కా పట్టుకుని వెనక్కి లాగి, వీపు మీద సుద్దముక్కతో ఇంటూ గుర్తు గీశాడు. 'నువ్వు చచ్చావు, పోయి ఆ గోడ దగ్గర కూర్చో.' తమ్ముడు పోయి గోడ దగ్గర గొంతుక్కూర్చుని, చచ్చినవాడికి మంచినీళ్ళు ఇస్తారా సార్ అని అడిగాడు. పెరడంతా గొల్లుమంది. రెండోసారీ అంతే. మూడోసారీ అంతే. నాలుగోసారి మాత్రం అతను ఎదురుగా నిలబడి కళ్ళతో గదమాయిస్తుంటే పళ్ళు బిగించి నిలబడి, సర్టిఫికెట్ తెచ్చుకున్నాడు. తర్వాత పెళ్ళయిన కొత్తలో ఇంట్లో ఆ కథ ఎన్నిసార్లు చెప్పుకున్నారో, మూడుసార్లు చచ్చినవాణ్ణి చేసుకున్నావు నువ్వు అని భార్యని ఆటపట్టించేవాడు, తలుపు వెనక గాజులు గలగలమనేవి. కానీ నాలుగోసారి గెలిచిన ఆ సాయంత్రం, బస్సులో, కిటికీలోంచి బయటికి చూస్తూ తమ్ముడు అన్న మాట మాత్రం ఇంట్లో ఎవరికీ తెలియదు. సారు ఏమన్నా అననీ అన్నయ్యా, లోపల నువ్వుంటే నేనాగను.

నేనాగను. ఆ మాట అన్నప్పుడు వాడి చేతిలో వేరుశెనగల పొట్లం ఉంది, మాట అనేసి ఒక పలుకు నోట్లో వేసుకున్నాడు. అతనేం జవాబిచ్చాడు? చాల్లే అన్నాడు. చాల్లే, కూర్చో, సంచీ జారిపోతోంది చూసుకో.

పది పదిహేడు. క్యానులో నీటిబుడగ ఒకటి గుడగుడమంటూ పైకి లేచింది, ఎవరూ నీళ్ళు పట్టుకోకపోయినా అప్పుడప్పుడూ అలా లేస్తుంది. స్నానాల గదిలో నీళ్ళు కాలవలోకి పోయేటప్పుడు అదే చప్పుడు. రెండు కాపురాలకీ ఒకటే స్నానాల గది, రేకు తలుపు, పైన రేకు కప్పు. తమ్ముడు రోజూ తువ్వాలు మరచిపోయి లోపలికి పోయేవాడు. చిన్నప్పటి నుంచీ అంతే, పెళ్ళయినా మారలేదు, పిల్ల పుట్టినా మారలేదు. నీళ్ళు పోసుకోవడం అయిపోయాక లోపలి నుంచి పిలుపు. అన్నయ్యా. రేకుల మధ్య ఆ గొంతు డబ్బాలో గులకరాయి వేసి ఆడించినట్టు ఉండేది. అతను విననట్టు పేపరు చూసుకునేవాడు. అన్నయ్యా, తువ్వాలు. అతను పేజీ తిప్పేవాడు. వంటగదిలో మరదలు నవ్వాపుకోవడం తెలుస్తుండేది. మూడోసారి, గొంతు కాస్త పెంచి, బతిమాలుతున్నట్టూ తిడుతున్నట్టూ, అన్నయ్యా అని సాగదీసి పిలిచేవాడు, అప్పుడు లేచేవాడు అతను. మూడు పిలుపుల దాకా కదలకపోవడం వాళ్ళిద్దరి మధ్యా ఒక లెక్క. భార్య ఉండగా అన్నని ఎందుకు పిలుస్తావురా అంటే, ఆవిడ తొలి పిలుపుకే ఇచ్చేస్తుంది, అందులో మజా ఏముంది అనేవాడు. ఎన్ని వేల తువ్వాళ్ళు. ఎన్ని వేలసార్లు ఒళ్ళంతా నీళ్ళు కారుతూ తలుపు సందులోంచి చాపిన ఆ చెయ్యి.

ఆరోజు కూడా అదే గొంతు. అతనికి ఆ సంగతి ఎవరికీ చెప్పాలనిపించలేదు, చెబితే ఎవరికర్థమవుతుంది. మధ్యాహ్నం భోజనం డబ్బాలు కడుక్కుని మళ్ళీ పైకెక్కారు, మూత దగ్గర అతను గాలి పరీక్షించాడు, మీటరు సరిగ్గానే చూపించింది, తమ్ముడు బిళ్ళ తీసి బోర్డుకి తగిలించాడు, లోపల మనిషి ఉన్నాడని గుర్తుగా లోపలికి దిగేవాడు తగిలించే బిళ్ళ, నడుముకి తాడు కట్టుకున్నాడు, అంతా సక్రమంగానే ఉంది, ఏ రూలూ తప్పలేదు, తప్పి ఉంటే కనీసం దాన్ని తిట్టుకోవడానికైనా ఉండేది. అడుగున మిగిలిన బురద గోకాలి, అంతే. గోకితే ఆ బురదలో ఎన్నేళ్ళ నుంచి దాక్కుందో గ్యాసు లేచింది. మొదటి పిలుపు వచ్చింది. అన్నయ్యా. ఇనప గోడల మధ్య తిరిగి తిరిగి పైకొచ్చింది. దేవుడా, ఆ క్షణంలో అతనికి తట్టింది తువ్వాలు. ఏమిట్రా మళ్ళీ మరచిపోయావా అని పెదవి మీదికి రాబోయిన నవ్వు. కనురెప్ప కొట్టినంతసేపు. ఆ తర్వాత చేతులు వాటంతట అవే పనిచేశాయి, హారన్ కొట్టాయి, తాడు చుట్టే పిడి తిప్పాయి, నాలుగు చుట్లు తిరిగి తాడు బిగుసుకుంది, లోపల కలియబెట్టే ఇనప రెక్కకి ఎక్కడో మెలిపడింది. పైనుంచి కనిపిస్తూనే ఉంది మెలి. పది మెట్లు దిగితే చేతికి అందుతుంది. పది మెట్లు, లెక్కపెట్టాడు. అన్నయ్యా. రెండో పిలుపు. అందులో తిట్టడం లేదు, బతిమాలడం ఉంది. అతను మూత అంచుని రెండు చేతులతో పట్టుకుని నిలబడ్డాడు. ఆ తర్వాత వాడు ఇనప గోడ మీద వేళ్ళతో కొట్టిన చప్పుడు, తలుపు తట్టినట్టు, కాసేపు. ఆ తర్వాత అది కూడా లేదు. జట్టు రావడానికి పదకొండు నిమిషాలు పట్టింది. పదకొండు నిమిషాలూ అతను మూడో పిలుపు కోసం చూశాడు. నిజంగా చూశాడు. మూడోసారి పిలిస్తే లేచి ఇవ్వడం అలవాటైన మనిషి కదా.

రిపోర్టులో బయటి మనిషి నిబంధనలను తుచ తప్పకుండా పాటించాడు అని రాశారు. అద్దం కట్టిన ప్రశంసాపత్రం ఒకటి ఇచ్చారు, అది మంచం కింద గోడవైపు తిప్పి ఉంది. జట్టులోని మనిషి ఒకాయన, నువ్వు దిగి ఉంటే రెండు శవాలు లాగేవాళ్ళం అన్నాడు, గ్యాసు అంత చిక్కగా ఉందట, అది నిజమే అయ్యుంటుంది, చదువుకున్నవాళ్ళు లెక్కలు వేసి కూడా చూపించారు. క్యాంటీన్‌లో మాత్రం అతను ప్లేటు పట్టుకుని వెనక నుంచి పోతుంటే ఎవరో అన్నారు, "సొంత తమ్ముడైతేనేంరా, రూలు రూలే." తిట్టో మెచ్చుకోలో అర్థం కాలేదు, అర్థం కాకపోవడమే మంచిదనుకుని కూర్చుని తిన్నాడు. పొద్దున్నే స్నానం చేసి దేవుడికి దణ్ణం పెట్టుకోవడం చిన్నప్పటి నుంచీ ఉన్న అలవాటు, మానలేదు, కానీ ఇదివరకు చల్లగా చూడమని అడిగేవాడు, ఇప్పుడు ఒక్కటే అడుగుతున్నాడు. ఆరోజు నా కాళ్ళు పట్టుకుని ఆపింది నువ్వా, విజిల్ సారు పాఠమా, ఉత్త భయమా. వరమిమ్మని కాదు, క్షమించమని కూడా కాదు, ఔనో కాదో చెబితే చాలు. భయమైతే భయమని తెలుసుకుని బతుకుతాడు. దేవుడు జవాబివ్వడు, ఇవ్వకపోవడం ఆయనకి అలవాటే, ఆయన ఎన్నో పిలుపుకి కదులుతాడో ఎవరికి తెలుసు. తప్పు, అలా అనుకోకూడదు. లెంపలు వేసుకున్నాడు, మనసులోనే.

"ఇప్పుడు ఎవరెవరికి ఏ పనో చదువుతాను," అంటున్నాడు విజిల్ సారు, చేతిలో కాగితం. పది నలభై. వెల్డింగ్ ఇద్దరు, పరంజా కట్టేవాళ్ళు ఆరుగురు, వాళ్ళు తాళ్ళ దగ్గరికి. స్టోరు ఒకరు. ఆ ఒకరు ఆమే అనుకుని అతను ఊపిరి వదిలాడు. కాదు, ఎవరో కళ్ళద్దాలాయన చెయ్యెత్తాడు. "బయటి మనుషులు ముగ్గురు. నువ్వూ, నువ్వూ, ఇదిగో అమ్మా నువ్వూ." ఆమె లేచి నిలబడి సరేనన్నట్టు తల ఊపి కూర్చుంది. అతను క్యాను అంచు పట్టుకున్నాడు, అది కదిలి బుడగ లేచింది, రెండు తలలు వెనక్కి తిరిగాయి. బయటి మనిషి. తను నిలబడ్డ చోటే, అలాంటి మూత దగ్గరే, అలాంటి హారన్ పట్టుకుని. ఇంత జరిగాక ఆ పనే ఎందుకిచ్చారు, ఎవరిచ్చారు, లేక తనే అడిగి తీసుకుందా. అడిగే తీసుకుని ఉంటుంది. మనిషి మెత్తగా కనిపిస్తుంది గానీ గుండె ఉన్నది. ఆ వెంటనే వీపు మీద చన్నీళ్ళు కుమ్మరించినట్టు ఒక సంగతి తట్టింది అతనికి. ఆమె లెక్కలో లోపలి మనిషి పిలవడు. నిద్రపోయినట్టు పోతాడు. చెప్పింది తనే. రేపో ఎల్లుండో ఏదో ఒక మూత దగ్గర ఆమె నిలబడి ఉంటుంది, లోపల ఎవడో ఒకడు, ఎవడి తమ్ముడో, అమ్మా అని పిలుస్తాడు, పిలిచాడంటే బతికే ఉన్నాడనుకుంటుంది, తన మనిషి పిలవను కూడా లేదు, వీడు పిలిచాడు, వీణ్ణయినా దక్కించుకుంటాను అనుకుంటుంది, గీత దాటుతుంది. పది మెట్లు. ఆరేళ్ళ పిల్ల వాళ్ళ పెద్దమ్మ ఇంట్లో జడ వేయించుకుంటూ ఉంటుంది. పుండు మీద వేసిన గుడ్డ అనుకున్నాడు ఇన్నాళ్ళూ ఆ అబద్ధాన్ని. అది ఆమె కళ్ళకు కట్టిన గంత.

విప్పితే? ఏడు నెలలుగా ఆమె పట్టుకుని నిలబడింది ఆ ఒక్క మాటనే. నొప్పి తెలియకుండా పోయాడన్న మాట. దాన్ని లాగేసి చేతిలో ఏం పెడతాడు? రెండు పిలుపులు. గోడ మీద వేళ్ళ చప్పుడు. బావగారు విని కూడా నిలబడ్డారన్న సంగతి. ఇక ఎప్పటికీ ఏ తలుపు వెనక నుంచీ బావగారూ అన్న పిలుపు వినపడదు, పిల్లని చూడనివ్వదు, ఎందుకు చూడనివ్వాలి. చెప్పకపోతే ఎవరికీ తెలియదు. విన్నది తనొక్కడే, ఇంకొకడు విన్నా చెప్పడానికి లేడు. పది యాభై. పక్కకు పిలిచి చెప్పవచ్చు కదా, ఇంత మందిలో ఎందుకు. పక్కకు పిలిస్తే మళ్ళీ నోట్లోంచి వండి ఉంచిన మాటే వస్తుంది, తన సంగతి తనకి తెలుసు. పది యాభై ఎనిమిది. విజిల్ సారు అతని వైపు చూసి రమ్మన్నట్టు తల ఊపాడు. "మీరంతా జాగ్రత్తగా వినండి, ఈయన దగ్గర నేర్చుకోవాల్సింది ఉంది." నలభై కుర్చీలు కిర్రుమన్నాయి. అతను నడిచాడు. తన బూట్లు కూడా చప్పుడు చేస్తున్నాయి.

ఇరవై రెండేళ్ళుగా ట్యాంకులు కడిగే పని చేస్తున్నాను, అని మొదలుపెట్టాడు. ఏడు నెలల కిందట నా సొంత తమ్ముడు, అన్నాడు. హారన్ కొట్టాను, తాడు లాగాను. గీత దగ్గరికి వచ్చేసరికి ఆగిపోయాడు. ఆగాల్సిన చోటు అది కాదు, విజిల్ సారు చప్పట్లకి చేతులెత్తి మళ్ళీ దించాడు. అతను కిటికీ వైపు చూడలేదు, తెర మీద నిలిచిపోయిన బొమ్మ వెలుతురు మొహం మీద పడుతుంటే ఆ వెలుతురుతో చెబుతున్నట్టు చెప్పాడు.

"లోపలి మనిషి పిలుస్తాడు. అది మీరు ముందుగా తెలుసుకోండి. గొంతులో ఊపిరుంటే ఎవరైనా పిలుస్తారు. నిద్రపోయినట్టు పోతారని నేను ఒకచోట చెప్పాను, అది అబద్ధం. నా తమ్ముడు పిలిచాడు. రెండుసార్లు పిలిచాడు."

లావు వెల్డరు కుర్చీలో నిటారుగా సర్దుకున్నాడు.

"మూడోసారి పిలవలేదు," అన్నాడు.

ఆ మాట నలభైమందిలో ముప్పై తొమ్మిదిమందికి వట్టి లెక్క. మూడో వరసలో పెన్ను కింద పడింది, ఎవరో వంగి తీసి ఇచ్చారు. అతను చెప్పుకుపోయాడు, ఇప్పుడాగితే మళ్ళీ మొదలుపెట్టలేడు. పది మెట్లు దిగితే తాడు మెలి అందేది. నేను దిగలేదు. నేనాగింది ఈ సారు చెప్పిన పాఠం వల్లో, భయం వల్లో, నాకే తెలీదు, ఎవరైనా గొప్ప పని అంటే నాకు సిగ్గుగా ఉంటుంది. కానీ దిగి ఉంటే నేనూ బయటికి వచ్చేవాణ్ణి కాదు, అది మాత్రం నిజమట. పిలుపు విన్నాక కాళ్ళు ఆగవు. వాటిని మీరే ఆపుకోవాలి. ఆపుకున్నాక ఆ పిలుపు మీతోనే ఇంటికొస్తుంది. అది కూడా ఈ పనిలో భాగమే, ఎవరూ చెప్పరు కాబట్టి నేను చెబుతున్నాను. ఎవరూ చప్పట్లు కొట్టలేదు. విజిల్ సారు కళ్ళద్దాలు తీసి చొక్కా అంచుతో తుడుచుకున్నాడు, చాలాసేపు తుడుచుకున్నాడు, ఆ తర్వాత పెరట్లోకి పదండి అని మెల్లగా అన్నాడు.

పెరట్లో ఎండ. పాత ట్యాంకు తుప్పు మీద మళ్ళీ రంగు వేశారు, పసుపు గీత కూడా కొత్తగా వేసిందే. అతను వెళ్ళిపోవచ్చు, తన వంతు అయిపోయింది, గోడ వారగా నడిస్తే గేటు. కాళ్ళు అటు పోలేదు. తమ్ముడు సుద్ద గుర్తు వేయించుకుని గొంతుక్కూర్చున్న గోడ దగ్గర నిలబడ్డాడు. మొదట ఇద్దరు మగవాళ్ళ వంతు అయింది, ఒకడు నిలబడ్డాడు, ఒకడు చచ్చాడు, సుద్ద గుర్తుతో నవ్వుతూ వచ్చి అతని పక్కన కూర్చున్నాడు. తర్వాత ఆమె. లోపలికి ఎవరు పోతారు అంటే లావు వెల్డరు తనే ముందుకొచ్చాడు. "ఇరుక్కుంటే నిజంగానే కోసి తీయాలి సార్, వెల్డింగు మిషను దగ్గర పెట్టుకోండి," అన్నాడు, కానీ అందరూ నవ్వాలని అన్నట్టు లేదు. పొట్ట బిగబట్టి మూతిలోంచి దూరాడు, తాడు వెనకే జారింది. ఆమె గీత ఇవతల నిలబడింది. ఎప్పుడు తీసిందో హెల్మెట్ మీద ప్లాస్టిక్ తొడుగు లేదు. ఒక చేతిలో హారన్. కాళ్ళు ఎడంగా పెట్టుకుంది, పెద్ద బూట్లలో ఆమె పాదాలు ఎక్కడున్నాయో తెలియడం లేదు. అతని వైపు చూడలేదు.

చెల్లెమ్మా. వెల్డరు గొంతే, కానీ ట్యాంకు దాన్ని వెల్డరుకి ఉంచలేదు, రేకుల మధ్య ఆడించి వేరే ఎవరిదో చేసి పంపింది. ఆమె హారన్ కొట్టింది. పెరటి గోడ మీది పిట్టలు లేచిపోయాయి. తాడు అందుకుని లాగింది, విజిల్ సారు ముందే చెప్పినట్టు వెల్డరు దాన్ని లోపల కొక్కేనికి తగిలించాడు, రాదు. చెల్లెమ్మా. రెండోది. ఆమె భుజాలు ఒక్కసారి ముందుకి ఊగాయి, మోకాలు వంగింది, పెదవి పళ్ళ కింద తెల్లబడింది. ఊగి, ఆగింది. గీత మీద ఆమె నీడ పడింది, నీడ మాత్రం దాటింది. గోడ దగ్గర అతను లెక్కపెట్టుకున్నాడు. అయిపోయింది, ఇంక పిలవడు, రెండే కదా, రెండు తర్వాత వేళ్ళ చప్పుడు, ఆ తర్వాత ఏమీ ఉండదు, పదకొండు నిమిషాలు ఏమీ ఉండదు. అప్పుడు ట్యాంకులోంచి వచ్చింది. సాగదీసి, బతిమాలుతున్నట్టూ తిడుతున్నట్టూ.

మూడో పిలుపు.

గోడ దగ్గర ఉన్న మనిషి గీత దగ్గర ఎలా ఉన్నాడో అతనికి తెలియదు. వస్తున్నా అన్నాడో, అన్నాననుకున్నాడో. నేల మీద పసుపు రంగు బూటు ముక్కు కిందికి రావడం కనిపించింది, బిగిసిన తాడు కనిపించింది, గుండ్రటి చీకటి కనిపించింది, ఆ చీకటిలో తలుపు సందులోంచి చాపినట్టు ఒక చెయ్యి.

ఛాతీకి అడ్డంగా ఏదో వచ్చింది. చూసుకుంటే ఆమె చెయ్యి. గాజులు లేని చెయ్యి, చొక్కాకి వేలెడు దూరంలో, గేటు వేసినట్టు నిటారుగా. ఆమె మొహం ట్యాంకు వైపే ఉంది, బయటి మనిషి కళ్ళు మూతి మీద నుంచి తిప్పకూడదు కాబట్టి.

"ఆగండి బావగారూ," అంది. "గీత."

అతను ఆగాడు. ఆమె చెంపల మీద నీళ్ళు గడ్డం దాకా కారి హెల్మెట్ పట్టీలో ఇంకుతున్నాయి, తుడుచుకోవడానికి చేయి ఖాళీ లేదు, ఒక చేతిలో హారన్, ఒకటి అతనికి అడ్డం. అతని భుజం మీద తువ్వాలు ఉంది. తీసి ఇవ్వాలంటే ఆ చేయి దించమనాలి.

సిలిండర్లు కట్టుకున్న జట్టు వచ్చింది. తాడు విప్పారు, లాగారు, కాళ్ళు ముందుగా వెల్డరు బయటికి జారాడు, లేచి కూర్చుని ఒళ్ళంతా తుప్పుతో ఏదో జోకు వేయబోయి, గీత వైపు చూసి ఊరుకున్నాడు. విజిల్ సారు విజిల్ ఊదాడు. అయిపోయిందమ్మా, పాసయ్యావు, ఇక చేయి దించు అన్నాడు.

ఆమె దించలేదు.